చేతులకు నాలుగు నక్షత్రాలు, నివేదికకు రెండు: కరిగిన ఉప్పులో తుప్పు పరీక్ష చేసే ఒక ల్యాబుపై సమీక్ష

2000 గంటలంటే 83 రోజుల 8 గంటలు. క్యాలెండర్‌లో గీతలు పెట్టుకుంటూ గడిపాను కాబట్టి గంటలతో సహా గుర్తుంది. నా లోహపు బిళ్ళలు ఎవరి ఫర్నేసులోనో కరిగిన ఉప్పులో మునిగి ఉన్నాయి. వాటి కబురు కోసం నేను ఇక్కడ కూర్చున్నాను. కబురు వచ్చింది, చదివాను, కోపం వచ్చింది, మళ్ళీ చదివాను, కొంత తగ్గింది. ఇప్పుడు ఈ సమీక్ష రాస్తున్నాను. ల్యాబు పేరు చెప్పను. వాళ్ళ తప్పుల్లో చాలావరకు ఈ పని చేసే ఏ ల్యాబులోనైనా జరగగలవి. ఇలాంటి సేవ కొనాలనుకునేవారికి పేరు కన్నా ఆ తప్పుల వివరమే ఎక్కువ పనికొస్తుంది.

సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రాలకు గొట్టాలు, ట్యాంకులు డిజైన్ చేసే బృందంలో ఏ చోట ఏ లోహం వాడాలో చూసే పని నాది. అంతకుముందు చాలా ఏళ్ళు బాయిలర్లతో గడిపాను. అక్కడ శత్రువు నీరు. ఇక్కడ శత్రువు ఎండ వేడిని దాచుకోవడానికి వాడే ఉప్పు. బరువులో 60 శాతం సోడియం నైట్రేట్, 40 శాతం పొటాషియం నైట్రేట్ కలిపిన ఈ మిశ్రమాన్ని అందరూ సోలార్ సాల్ట్ అంటారు. 240 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి చల్లని ట్యాంకును 290 దగ్గర ఉంచుతారు. చల్లని ట్యాంకు అన్న మాట విని చెయ్యి పెట్టేరు! టవరు మీది గ్రాహకంలో ఎండ తగిలి అదే ఉప్పు 565కు చేరి వేడి ట్యాంకులో పడుతుంది. స్పెయిన్‌లోని ఆండసోల్-1లో ఇలాంటి ఉప్పు సుమారు 28,500 టన్నులు ఉంది. అయితే అది టవరు కాదు, తొట్టి ఆకారపు అద్దాలతో నడిచే కేంద్రం. గొట్టాల్లో నూనె పారుతుంది కాబట్టి అక్కడ ఉప్పు 390 దాటదు. టవరు కేంద్రాల్లో లోహాన్ని కాల్చుకుతినేది ఆ పైనున్న 175 డిగ్రీలే.

నేను పంపినవి ఇవి. చల్లని ట్యాంకు కోసం కార్బన్ స్టీల్, వేడి ట్యాంకు కోసం 347హెచ్ స్టెయిన్‌లెస్ స్టీల్, పోలిక కోసం 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, గ్రాహకపు గొట్టాల కోసం నికెల్, క్రోమియం ప్రధానంగా ఉండే మిశ్రలోహం ఇంకొనెల్ 625. ఒక్కో బిళ్ళ 30 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 3 మందం. వేలాడదీసే రంధ్రాన్ని లెక్కలో వదిలేస్తే ఉపరితలం 15 చదరపు సెంటీమీటర్లు. 500, 1000, 2000 గంటలకు విడివిడి బిళ్ళలు. వాటితో పాటు కేంద్రంలో వాడబోయే ఉప్పు బస్తా ఒకటి.

మొదటి చర్చ ఆ బస్తా దగ్గరే మొదలైంది. తమ దగ్గర స్వచ్ఛమైన ప్రయోగశాల రసాయనాలు ఉన్నాయని, వాటితోనే చేస్తే ఫలితాలు శుభ్రంగా వస్తాయని ల్యాబు అంది. వస్తాయి, నిజమే. కానీ ఆ శుభ్రమైన ఫలితాలతో నేనేం చేసుకోను? వేల టన్నుల్లో కొనే ఉప్పులో క్లోరైడు ఉంటుంది, సల్ఫేటు ఉంటుంది, కొద్దిగా మెగ్నీషియం నైట్రేటు ఉంటుంది. ఈ చివరిది మొదటిసారి కరిగించేటప్పుడు విడిపోయి నైట్రోజన్ ఆక్సైడ్ల పొగ వదులుతుంది. క్లోరైడు మరీ చెడ్డది. లోహం మీద ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా పట్టుకోనివ్వదు, పగుళ్ళు తెస్తుంది. నా ఉప్పుతోనే చేయాలని పట్టుబట్టాను. రెండు ఉత్తరాల తర్వాత ఒప్పుకున్నారు. అక్కడితో ఆగకుండా బస్తాలో మూడు చోట్ల నుంచి తీసి కలిపి, పరీక్షకు ముందే క్లోరైడు ఎంతుందో కొలిచి పంపారు. నేను అడగని పని అది. ఒక నక్షత్రం అక్కడే సంపాదించుకున్నారు.

ఇక ఫర్నేసు. ఉప్పూ బిళ్ళలూ ఉండే గిన్నెను మూస అంటారు, వేడిని కొలిచే తీగను థర్మోకపుల్ అంటారు. మొదటి వారంలోనే టెక్నీషియన్ ఫోన్ చేశారు.

"మేడమ్, ఫర్నేసు 565 చూపిస్తోంది, మూసలో ఉప్పు మాత్రం 554లో ఉంది. దేన్ని నమ్మమంటారు?"

"ఉప్పునే నమ్మండి. మీ థర్మోకపుల్ ఉప్పులో ఉందా?"

"అందుకే కదా తెలిసింది, మేడమ్."

ఈ ఒక్క సంభాషణ కోసం వాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళవచ్చు. ఫర్నేసు గోడ దగ్గరి అంకె రాసుకుని సంతోషపడే ల్యాబులను చూశాను. ఈ పరీక్షలో 11 డిగ్రీలు చిన్న తేడా కాదు. సోలార్ సాల్ట్‌లో 600 దగ్గర ఏడాదికి పది, ఇరవై మైక్రాన్లలో (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నడిచే మంచి మిశ్రలోహాల నష్టం 680కి వచ్చేసరికి వందల మైక్రాన్లకు దూకుతుంది. నైట్రేటు కొంత ఆక్సిజన్ వదిలి నైట్రైటు అవుతుంది, ఇంకా వేడెక్కితే ఆక్సైడు అయాన్లుగా విడిపోతుంది. అప్పుడు ఉప్పు స్వభావమే మారి, లోహాన్ని కాపాడే పొరను కరిగించడం మొదలుపెడుతుంది. అందుకే మూస పైభాగంలో ఏ వాయువు ఉందన్నది కూడా ముఖ్యమే. గాలి పైనుంచి పోనివ్వాలా, ఉప్పులోకి బుడగలుగా పంపాలా అని పని మొదలుపెట్టక ముందే అడిగారు. అడిగే ల్యాబు దొరకడం అరుదు.

బిళ్ళలను వేలాడదీసింది పింగాణీ లాంటి అల్యూమినా కడ్డీల మీద. లోహపు తీగ వాడలేదు. నేను బిళ్ళల మీద అంకెలు గుద్ది పంపాను. కార్బన్ స్టీల్ బిళ్ళలు బయటికి వచ్చేసరికి నల్లటి ఆక్సైడు కింద అంకెలు మాయమయ్యాయి. నా తెలివితక్కువతనం. అంచున గాట్లు పెట్టాల్సింది. టెక్నీషియన్ మాత్రం ఏ కడ్డీ మీద ఏ బిళ్ళ ఉందో మొదటిరోజే కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకున్నారు. ఆ బొమ్మ లేకపోతే రెండు బిళ్ళలు అనాథలయ్యేవి.

ఒక హెచ్చరిక. వాళ్ళు మామూలుగా ఇచ్చే ప్యాకేజీలో రెండు మూడు రకాల లోహాలను ఒకే మూసలో వేస్తారు. తక్కువలో అయిపోతుంది కాబట్టి చాలామంది ఒప్పుకుంటారట. ఒప్పుకోవద్దు. ఒక లోహం నుంచి కరిగిన క్రోమియం పక్క లోహం చుట్టూ ఉన్న ఉప్పును మార్చేస్తుంది. ఏ బిళ్ళ ఏం చేసిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. నేను లోహానికో మూస అడిగాను. ఫర్నేసులో చోటు చాలదంటూ రెండు వారాలు ఆలస్యం చేసి ఇచ్చారు. ఆ ఆలస్యం నాకు ఇష్టమే.

నాలుగో నక్షత్రం శుభ్రం చేసిన పద్ధతికి. కరిగిన ఉప్పులో ఉన్న లోహానికి రెండు ఎదురు లెక్కలు నడుస్తాయి. ఆక్సైడు పట్టి బరువు పెరుగుతుంది. పొర రాలడం వల్లా, క్రోమియం కరిగిపోవడం వల్లా బరువు తగ్గుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే తూనిక మీద బిళ్ళ మారనట్టే కనిపిస్తుంది. నా 347హెచ్ బిళ్ళ 1000 గంటల తర్వాత సరిగ్గా అలాగే ఉంది. తూస్తే 1.5 మిల్లీగ్రాములు పెరిగింది, అంతే. తుప్పే లేదని సంబరపడేవారు ఇక్కడే సంబరపడతారు. ఆక్సైడును రసాయనంతో దఫదఫాలుగా తొలగించి తూస్తే పోయిన లోహం 12 మిల్లీగ్రాములు. తొలగించే రసాయనం మంచి లోహాన్ని కూడా కొంచెం తింటుంది కదా, దాన్ని తీసివేయడానికి ఉప్పు తగలని బిళ్ళను కూడా అన్నిసార్లే కడిగి తూచారు. ఒక్కో దఫాకు ఒక్కో తూనిక, మొత్తం పట్టికలో. అందంగా ఉంది ఆ పట్టిక.

కోపం వచ్చింది దాని తర్వాతి పేజీలో.

చదరపు సెంటీమీటరుకు 0.8 మిల్లీగ్రాములు పోయాయి. సాంద్రత 8 అనుకుంటే 1000 గంటల్లో 1 మైక్రాను. ఏడాదిలో 8760 గంటలు కాబట్టి, గుణిస్తే ఏడాదికి 8.8 మైక్రాన్లు. 500 గంటల బిళ్ళలో పోయింది 8.5 మిల్లీగ్రాములు, అదే గుణకారంతో ఏడాదికి 12.4. 2000 గంటల బిళ్ళలో పోయింది 17 మిల్లీగ్రాములు, ఏడాదికి 6.2. నివేదిక ఈ మూడు అంకెలనూ కలిపి మూడుతో భాగించి, "సగటు క్షయం ఏడాదికి 9.1 మైక్రాన్లు" అని మందపాటి అక్షరాల్లో అచ్చు వేసింది.

మూడు అంకెలు వరుసగా తగ్గుతూ వస్తుంటే సగటు తీయడం ఏమిటి? ఎదుగుతున్న పిల్లవాడి మూడేళ్ళ చొక్కా కొలతలకు సగటు తీసి వచ్చే ఏడాదికి చొక్కా కుట్టినట్టుంది. కాలం నాలుగు రెట్లయితే నష్టం రెండు రెట్లయింది. అంటే పొర మందమయ్యే కొద్దీ లోహాన్ని కాపాడుతోంది, నష్టం కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తోంది. ఆ వక్రరేఖ మీద నడిస్తే మొదటి ఏడాదిలో పోయేది సుమారు 3 మైక్రాన్లు, 30 ఏళ్ళలో 16. వాళ్ళ సగటును 30తో గుణిస్తే 273. ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడ ఉన్న గొట్టానికి 16 మైక్రాన్లు లెక్కలోకి రావు, 273 అంటే ఆరో వంతుకు పైగా మందం పోయినట్టు. ఇన్ని టన్నుల ఉక్కు అదనంగా కొనాలా వద్దా అన్న నిర్ణయం ఆ ఒక్క పేజీ మీద ఆధారపడుతుంది. ఆ పేజీ రాసిన వ్యక్తికి తన చేతిలోని పట్టిక ఏం చెబుతోందో చూసే తీరిక లేకపోయింది.

అలాగని 16నే పట్టుకోమని కూడా నేను అనను. ఫర్నేసులో బిళ్ళ 83 రోజులూ ఒకే వేడిలో కదలకుండా కూర్చుంది. కేంద్రంలో గ్రాహకపు గొట్టం రోజూ ఉదయం వేడెక్కుతుంది, సాయంత్రం చల్లారుతుంది, మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది. లోహం ఒకలా, ఆక్సైడు ఇంకోలా వ్యాకోచిస్తాయి, పొర పెచ్చులూడుతుంది, వక్రరేఖ మళ్ళీ మొదటికొస్తుంది. పైగా గొట్టం లోపలి గోడ దగ్గర ఉప్పు 565 కన్నా వేడిగా ఉంటుంది. అసలు జవాబు ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంది. ఆ మాట నివేదికలో రెండు వాక్యాల్లో రాసి ఉంటే ఇంకో నక్షత్రం ఇచ్చేదాన్ని.

రెండో ఫిర్యాదు నీళ్ళది. బిళ్ళలన్నింటినీ బయటికి తీయగానే గోరువెచ్చని స్వేదనజలంతో కడిగారు. నైట్రేటు నీళ్ళలో హాయిగా కరుగుతుంది కాబట్టి తూచాల్సిన బిళ్ళలకు అది సరైన పనే. కానీ అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద చూడాల్సిన బిళ్ళలను కూడా కడిగేశారు. 550, 600 దగ్గర స్టెయిన్‌లెస్ స్టీల్ మీద బయటి వరుసలో సోడియం ఫెర్రైటు, అంటే సోడియం, ఇనుము కలిసిన ఆక్సైడు, ఏర్పడుతుంది. అది నీళ్ళు తగిలితే విచ్ఛిన్నమవుతుంది. పొరల్లో సోడియం ఎక్కడుందో చూపించే చిత్రం కోసం అడిగాను. వచ్చిన చిత్రాల్లో సోడియం లేదు, అది ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. కోయడం, నునుపు చేయడం నీళ్ళు లేకుండా చేయాలని నేను ముందే రాసి ఉండాల్సిందని వాళ్ళు అన్నారు. ఈ రంగంలో ఉన్న ల్యాబుకు అది నేను చెప్పాలా?

మూడోది మరీ బాధ పెట్టింది. పరీక్ష అయ్యాక ఉప్పును పారేశారు! బిళ్ళ ఒక సాక్షి అయితే ఉప్పు రెండో సాక్షి. బిళ్ళలోంచి పోయిన క్రోమియం ఉప్పులోకి క్రోమేటుగా చేరుతుంది. నైట్రైటు ఎంత పెరిగింది, క్లోరైడు ఎంత మిగిలింది, మూస అడుగున ఎన్ని పెచ్చులు రాలాయి, అన్నీ అక్కడే ఉంటాయి. నేను భద్రపరచమని స్పష్టంగా రాయలేదు, వాళ్ళు అడగలేదు. ప్రమాదకర వ్యర్థాల డబ్బాలోకి పంపేశారు.

ఆ టెక్నీషియనే మళ్ళీ కాపాడారు. 600 దగ్గర ఇంకొనెల్ మునిగిన మూసలో గడ్డకట్టిన ఉప్పు తెల్లగా కాక నిమ్మపండు పసుపులో కనిపించిందట. వింతగా ఉందని ఒక చిన్న సీసాలో దాచారు. ఆ పసుపే క్రోమేటు. అది ఆరు వేలెన్సీ క్రోమియం, విషం. చేతితొడుగులు వేసుకోమని, సీసా మీద హెచ్చరిక చీటీ అంటించమని చెప్పి తెప్పించుకున్నాను. ఆ ఒక్క సీసాను వేరే చోట విశ్లేషణ చేయిస్తే, బిళ్ళ బరువు చెప్పని సంగతి బయటపడింది. ఇంకొనెల్‌లో నికెల్ పొర పట్టుగా నిలిచింది, పోతున్నది ప్రధానంగా క్రోమియమే. నివేదికలోని 40 పేజీల కన్నా ఆ సీసా ఎక్కువ మాట్లాడింది.

వెల్డింగు అతుకులున్న బిళ్ళలను, వంచి ఒత్తిడిలో ఉంచిన బిళ్ళలను పరీక్షించగలరా అని కూడా అడిగాను. తమ దగ్గర ఆ ఏర్పాటు లేదని సూటిగా చెప్పారు. ఈ నిజాయితీని మెచ్చుకోవాలి, ఎందుకంటే ట్యాంకుల అసలు కష్టం అక్కడే ఉంది. అమెరికాలోని నెవాడాలో ఉన్న క్రెసెంట్ డ్యూన్స్ అనే టవరు కేంద్రంలో 2016లో వేడి ట్యాంకు కారి నెలల తరబడి కేంద్రం ఆగిపోయింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా "ఉప్పు ఉక్కును తినేసింది" అనేవారు బయలుదేరుతారు. అంత పెద్ద అడుగు పలక వేడికి సాగి, చలికి ముడుచుకుని, పునాది మీద జారలేక లాగుకుపోతుంటే, 347హెచ్ అతుకుల పక్కన పగుళ్ళు రావడానికి ఉప్పు తిన్న మైక్రాన్లతో పనిలేదు. నా చదునైన, ఏ ఒత్తిడీ లేని బిళ్ళ ఆ కథలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. తుప్పు పరీక్ష బాగుందని ట్యాంకు బాగుంటుందనుకునే మేనేజర్లకు ఈ పేరా చదివి వినిపించండి.

ఇక రెండో ఆర్డరు. నైట్రేటు పని బాగా చేశారన్న నమ్మకంతో క్లోరైడు పని కూడా ఇచ్చాను. 700 డిగ్రీలు దాటాలంటే నైట్రేటు నిలవదు కాబట్టి మెగ్నీషియం, పొటాషియం, సోడియం క్లోరైడుల మిశ్రమం వైపు చూస్తున్నారు. అది వేరే లోకం. నైట్రేటులో కనీసం ఆక్సైడు పొర అనే కవచం ఉంది. కరిగిన క్లోరైడులో ఆ కవచం నిలవదు. క్రోమియం ఏరి ఏరి బయటికి లాగబడి, లోహం లోపల శూన్యాలు మిగులుతాయి. అన్నిటికన్నా ముఖ్యం తేమ. మెగ్నీషియం క్లోరైడు గాలిలోని నీటిని లాక్కుంటుంది. ఆ నీటితోనే వేడి చేస్తే హైడ్రోజన్ క్లోరైడు వాయువు పుడుతుంది, మెగ్నీషియం హైడ్రాక్సీక్లోరైడు మిగులుతుంది. అప్పుడు పరీక్ష ఉప్పు మీద కాదు, తడి మీద జరిగినట్టు. అందుకే ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులో, అంటే బయటి గాలి చొరబడని, చేతితొడుగులు అమర్చిన పెట్టెలో తూచి, మెట్టుమెట్టుగా ఆరబెట్టి, కొంచెం మెగ్నీషియం లోహం వేసి శుద్ధి చేశాకే బిళ్ళను దించుతారు.

వాళ్ళు మామూలు బల్ల మీద తూచారు. మూసను ఫర్నేసులో పెట్టాక ఆర్గాన్ తిప్పారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. వచ్చిన 347హెచ్ బిళ్ళను కోసి చూస్తే జల్లెడ. ఇంకొనెల్ 625 కూడా అంతకన్నా పెద్ద మెరుగేమీ కాదు. "ఈ మిశ్రలోహాలు క్లోరైడు సేవకు తగవు" అని నివేదిక తేల్చేసింది. తగకపోవచ్చు. కానీ ఆ సంగతి ఈ పరీక్ష చెప్పలేదు, చెప్పజాలదు కూడా. ఉప్పులో తేమ ఎంతుందని అడిగితే కొలవలేదన్నారు. మర్యాదగానే మాట్లాడారు, మళ్ళీ చేసిపెడతామన్నారు. గ్లవ్ బాక్సు తెచ్చుకున్నారా అంటే, ఇంకా లేదన్నారు. వద్దన్నాను. క్లోరైడు పనికి ఒక నక్షత్రం, అదీ మర్యాదకు.

సమయపాలన బాగుంది. ప్యాకింగ్ బాగుంది, ఒక్కో బిళ్ళ విడి సంచిలో, తేమను పీల్చే పొట్లంతో వచ్చింది. వెబ్‌సైటు ఘోరం, దాని గురించి రాయడం కూడా దండగ.

నైట్రేటు పనికి మళ్ళీ వాళ్ళకే ఇస్తున్నాను. ఈసారి ముగింపులు, సగటులు వద్దని, ప్రతి దఫా తూనికల పట్టిక, ఉప్పులోని థర్మోకపుల్ గంటగంటకూ రాసిన అంకెలు మాత్రమే ఇమ్మని కోరాను. లెక్క నేనే చేసుకుంటాను. ప్రతి వారం ఫర్నేసును 300కు దించి మళ్ళీ 565కు ఎక్కించమని కూడా అడిగాను, అదనపు పని అయినా ఒప్పుకున్నారు. అంచున గాట్లు పెట్టిన బిళ్ళలు నిన్ననే డబ్బాలోకి వెళ్ళాయి. ఆర్డరు పత్రంలో "ఇతర సూచనలు" అన్న గడి రెండు వరుసలే ఉంది. అందులో "ఉప్పు పారేయవద్దు, కోసే బిళ్ళలకు నీళ్ళు తగలనివ్వవద్దు" వరకు పట్టింది. మిగతాది కాగితం వెనక రాసి, ముందువైపు బాణం గుర్తు వేశాను.